మెదడు చిత్రములు – వానిని కొలుచు కంప్యూటరు సాధనములు

బిలాస్‌పూర్ నగరమున రైలుపట్టాల చెంతనున్న తార్‌బహార్ పేటలో, రైల్వే ఉద్యోగములకై వచ్చి తరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. అట్టి యొక యింటిలో పదవీ విరమణ చేసిన గార్డుగారొకరు ఉన్నారనుకొందము. ఈ మధ్య ఆయనకు మతిమరుపు హెచ్చినది. తాళపుచెవి ఎక్కడ పెట్టినదియు జ్ఞాపకముండదు. నలుబదియేండ్లు నడచిన దారిలోనే తడబడుచున్నారు. వైద్యుడు పరీక్షించి ఎమ్మారై స్కాను తీయింపుడని వ్రాసియిచ్చెను. స్కాను ముగిసిన పిమ్మట అచటివారొక కాగితమును చూపి, ఈ చిత్రములను పరిశోధనకు ఉపయోగించుకొనుటకు మీకు సమ్మతమేనా యని అడిగిరి. పెద్దకోడలు కాగితము చదివినది గాని అందలి మాటలు కొన్ని బోధపడలేదు. చిత్రము తీయుట యైనది, వైద్యుడు చూచును. ఇంక పరిశోధన యేమి? మామగారి పేరు ఎక్కడెక్కడికి పోవును? ఈ సందేహములు సహజమైనవి. వానికి సమాధానము తెలియవలెనన్న చిత్రమునకును నిర్ణయమునకును నడుమ జరుగు పనిని గూర్చి కొంత తెలిసికొనవలెను.

ఎమ్మారై యంత్రమున ఎక్స్‌రే కిరణములుండవు. అది మిక్కిలి బలమైన అయస్కాంతము. ఆసుపత్రులలో సామాన్యముగానుండు యంత్రముల బలము 1.5 టెస్లా లేక 3 టెస్లా; 1.5 టెస్లా యనగా భూమి సహజ అయస్కాంతబలమునకు ఇంచుమించు 30,000 రెట్లు. స్కాను గదిలోనికి పోవునపుడు ఇనుప వస్తువులను బయటనే ఉంచుడనుట ఇందువలననే. శరీరములోని నీటియందలి హైడ్రోజను కేంద్రకములు ఈ అయస్కాంతమునకు లోబడి ఒక వరుసకు వచ్చును. రేడియో తరంగములతో వానిని కదలింపగా, అవి తిరిగి కుదుటపడునపుడు వెలువడు సూక్ష్మ సంకేతములను యంత్రము గ్రహించును. మెదడులోని బూడిదరంగు పదార్థము, తెల్లని పదార్థము, చుట్టునున్న ద్రవము వేర్వేరు వేగములతో కుదుటపడును గనుక వేర్వేరు ఛాయలతో కన్పడును.

నిజమునకు యంత్రము ఇచ్చునది అంకెల పట్టిక. మెదడును మిల్లీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల గడులుగా విభజించినచో పది లక్షలకు మించిన గడులు వచ్చును, గడికొక అంకె. తెరపై మనకు కన్పడు నలుపు తెలుపుల చిత్రము ఆ అంకెల రూపాంతరమే.

రక్తస్రావము, కంతి, పక్షవాతమువలన దెబ్బతిన్న చోటు మున్నగువానిని అనుభవజ్ఞుడైన వైద్యుడు కంటితోనే గుర్తింపగలడు. కాని జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అను భాగము ఏడాదికెంత కృశించుచున్నది? మతిమరుపు గల నూరుగురిని, ఆ వయసుననే ఆరోగ్యముగానున్న నూరుగురితో పోల్చినచో భేదమెచ్చట? ఇట్టి ప్రశ్నలకు కన్ను చాలదు, కొలత కావలెను. ఆ కొలతను చేయునవే మెదడు చిత్రముల సాఫ్ట్‌వేరు సాధనములు.

రైల్వే కుటుంబములవారికి గేజి సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూరునుండి ఛత్తీస్‌గఢ్ వైపు వచ్చు మీటరు గేజి మార్గమును బ్రాడ్ గేజికి మార్చి, బిలాస్‌పూర్ మీదుగా ముందుకు సాగించినది. గేజి కలియనిచోట సరకంతయు ఒక బండినుండి దింపి వేరొక బండి కెక్కింపవలెను. మెదడు చిత్రములకును చాలకాలము ఈ యవస్థ తప్పలేదు. ఆసుపత్రి యంత్రములు చిత్రములను డైకామ్ అను పద్ధతిలో దాచును. రోగి పేరు, పుట్టినతేది కూడ అందే యుండును. పరిశోధకులు దానిని తమ సాధనములకు తగిన రూపమునకు మార్చుకొనవలెను. పూర్వము వాడుకలోనున్న ఎనలైజ్ అను రూపములో చిత్రమున ఏది కుడి, ఏది ఎడమ యని నిస్సందేహముగా తెలుపు ఏర్పాటు లేకపోయెను. ఎడమ మెదడునకు దెబ్బ తగిలిన కుడి చేయి, కాలు పడిపోవునని మనమెరుగుదుము. కావున ఇది చిన్న లోపము కాదు. ఈ శతాబ్దపు తొలియేండ్లలో పరిశోధకులు ఏకమై నిఫ్టీ అను రూపమును నిర్ణయించుకొని ఈ చిక్కును తొలగించిరి. షేర్ల బజారు నిఫ్టీకిని దీనికిని ఏ సంబంధమును లేదు. చిత్రములను ఏ పేర్లతో, ఏ వరుసతో భద్రపరుపవలెనో తెలుపు బిడ్స్ అను ఏర్పాటు 2016లో వచ్చినది.

చిత్రము చేతికి వచ్చిన పిమ్మట సాఫ్ట్‌వేరు మొదట చేయు పని, కొబ్బరికాయ పెంకు తీసి లోని గుజ్జును వేరుచేసినట్లు, కపాలమును, చర్మమును తొలగించి మెదడును మాత్రము నిలుపుట. మనిషి కదలుటవలన కలిగిన చెదరును సరిచేయుట, బూడిద, తెల్ల పదార్థములను, ద్రవమును వేరుపరచుట తరువాతి పనులు. వీనికై లండనులో కార్ల్ ఫ్రిస్టన్ ఆరంభించిన ఎస్.పి.ఎమ్., అమెరికాలో రాబర్ట్ కాక్స్ 1994లో రూపొందించిన ఆఫ్నీ, ఆక్స్‌ఫర్డువారు 2000లో వెలువరించిన ఎఫ్.ఎస్.ఎల్., బోస్టనులో రూపొందిన ఫ్రీసర్ఫర్ ముఖ్యముగా వాడబడుచున్నవి. పరిశోధకులకు ఇవి వెల లేకుండ లభించును. అట్లే ఓపెన్‌న్యూరో వంటి నిధులలో, పేర్లు తీసివేసిన వేలకొలది స్కానులు అందరికిని అందుబాటులో కలవు. బిలాస్‌పూరులోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు, తన విభాగమున స్కాను యంత్రము లేకున్నను, ఒక మంచి కంప్యూటరుతో ఈ విద్యను అభ్యసింపవచ్చును. ఓపిక మాత్రము కావలెను. ఫ్రీసర్ఫర్ ఒక్క మెదడును కొలుచుటకే గంటలకొలది కాలము పట్టును.

అన్నింటికంటె గడ్డుపని వేరొకటి కలదు. మనుష్యుల ముఖములవలెనే మెదళ్లును ఒకదానివలె ఒకటి ఉండవు. అనేకుల మెదళ్లను పోల్చవలెనన్న వానినన్నిటిని ఒక ప్రమాణ పటమునకు సరిపుచ్చవలెను. ఆ పటము ఎవరి మెదడు?

1988లో తలైరాక్, టూర్నూ అను ఇద్దరు ప్రకటించిన ప్రసిద్ధ పటము అరువదియేండ్ల ఫ్రెంచి వనిత యొకరి మెదడునుబట్టి వ్రాయబడినది. ఒక్కరి మెదడు లోకమునకెల్ల ప్రమాణమెట్లగునని కెనడాలోని మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థవారు 305 మంది స్కానులను కలిపి సగటు పటము నొకదానిని తయారుచేసిరి. అది ఎంతో మేలు. కాని ఆ 305 మందిలో పురుషులు 239, స్త్రీలు 66. సగటు వయస్సు సుమారు 23 ఏండ్లు. ఆ సంస్థ పటములే ప్రపంచమంతట సాఫ్ట్‌వేరులలో ప్రమాణములై, మన దేశపు స్కానులకును కొలబద్దలైనవి. చైనావారు, కొరియావారు తమ ప్రజల స్కానులతో తమ పటములను వేరుగా చేసికొనిరి.

మనకు సంబంధించిన ప్రయత్నము హైదరాబాదులో జరిగినది. అచటి ఐ.ఐ.ఐ.టి.లో ఆచార్య జయంతి శివస్వామి బృందము, తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థవారితో కలిసి, 21 మొదలు 30 ఏండ్ల వయస్సు గల నూరుగురు భారతీయుల స్కానులనుండి భారతీయ మస్తిష్క పటమును నిర్మించినది. స్త్రీలు, పురుషులు సమాన సంఖ్యలో ఉండిరి. ఒక్క యంత్రపు దోషము పటములోనికి రాకుండుటకు మూడు ఆసుపత్రులలో మూడు వేర్వేరు యంత్రములపై స్కానులు తీసిరి. 2019లో న్యూరాలజీ ఇండియా పత్రికలో ఫలితములు వెలువడినవి. పాశ్చాత్య, చైనా, కొరియా పటములతో పోల్చిచూడగా భారతీయ మెదడు సగటున ఎత్తులోను, వెడల్పులోను, పరిమాణములోను కొంత చిన్నదిగా తేలినది.

ఈ వార్త విని చిన్నబుచ్చుకొన్నవారు కొందరు కలరు. ఆ యవసరము లేదు. జనసముదాయముల సగటు పరిమాణమునుబట్టి తెలివితేటలను లెక్కగట్టుట శాస్త్రసమ్మతము కాదు. పొడగరికిని పొట్టివానికిని చెప్పుల కొలత వేరైనట్లు ఇదియు నొక కొలత. అసలు చిక్కు వైద్యములో వచ్చును. మతిమరుపు వ్యాధులలో మెదడు కృశించును. పెద్ద కొలబద్దతో చూచినచో, పుట్టుకతోనే కొంత చిన్నదిగానున్న ఆరోగ్యమైన మెదడు సైతము కృశించినట్లు తోచవచ్చును. తల పరిమాణమునుబట్టి లెక్కను సవరించు పద్ధతులు సాఫ్ట్‌వేరులలో ఉన్నమాట నిజమే. అయినను తగిన కొలబద్ద ఉండుట మేలు.

వయస్సు సంగతి ఇంకను ముఖ్యము. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థవారు 2020లో 6 మొదలు 60 ఏండ్ల వరకు గల భారతీయులకు ఐదు వయోవర్గముల పటములను ప్రకటించిరి. హైదరాబాదు పటము 30 ఏండ్లతోను, ఇది 60 ఏండ్లతోను ఆగినవి. మన గార్డుగారు రైల్వేలో పదవీ విరమణ చేయుటయే 60 ఏండ్లకు! అనగా ఏ వయస్సున మతిమరుపు భయము హెచ్చునో ఆ వయస్సు ఈ రెండు పటములకును వెలుపలనున్నది. వృద్ధుల మెదడు సహజముగా ఎంత కృశించును, వ్యాధివలన ఎంత కృశించునని విడదీయవలెనన్న వృద్ధుల స్కానులే కావలెను. రోగులవి మాత్రమే కాదు, ఏ జబ్బును లేని వారివియు కావలెను. ఆ యింటివారి యెదుట ఉంచిన కాగితమునకు గల ప్రయోజనము ఇదియే.

సాఫ్ట్‌వేరు చెప్పినదెల్ల వేదవాక్కని తలంపరాదు. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేప నొకదానిని స్కాను యంత్రములో ఉంచి, దానికి మనుష్యుల బొమ్మలు చూపి, వారి మనస్సులో ఏమున్నదో చెప్పుమని అడిగిరి. హాస్యమునకు వలెనున్నను పని మాత్రము నియమముగా చేసిరి. గడుల లెక్కలను తగిన సవరణ లేక చూడగా చేప మెదడులో కొన్ని గడులు చురుకుగానున్నట్లు తేలినది! సవరణ చేయగానే అవి మాయమైనవి. వేలకొలది గడులను ఒక్కొక్కటిగా పరీక్షించునపుడు కొన్ని కాకతాళీయముగా వెలుగుట సహజము.

2016లో స్వీడనుకు చెందిన అండర్స్ ఎక్లుండ్, సహచరులు ఇంతకంటె గంభీరమైన విషయమును బయటపెట్టిరి. బహిరంగ నిధిలోని 499 మంది ఆరోగ్యవంతుల స్కానులను తీసికొని, మెదడు పనితీరును లెక్కించు ప్రసిద్ధ సాధనములను వారు పరీక్షించిరి. నూటికి 5 సార్లు మాత్రమే రావలసిన తప్పుడు ఫలితములు కొన్ని పద్ధతులలో నూటికి 70 సార్ల వరకు వచ్చుచుండెను. ఒక సాధనములో పదునైదేండ్లుగా దాగియున్న లోపము 2015లో సవరింపబడినది. సాధనములు దాపరికము లేనివగుటచేతను, స్కానులు అందరికి అందుబాటులో నుండుటచేతను ఈ తప్పు పట్టుబడినది. 2020లో వేరొక పరీక్ష జరిగినది: ఒకే స్కానుల సముదాయమును 70 బృందములకు ఇచ్చి, ఒకే తొమ్మిది ప్రశ్నలను అడుగగా, ఏ రెండు బృందములును ఒకే పద్ధతి ననుసరింపలేదు, కొన్ని ప్రశ్నలకు జవాబులును కలియలేదు. ఈ చిక్కులు పరిశోధనా గణనలకు చెందినవి. గార్డుగారి చిత్రమును చూచి వైద్యుడు వ్రాసిన నివేదికను వీనివలన శంకింప పనిలేదు.

ఇక పేరు మాట. పరిశోధనకు పంపుటకు ముందు స్కానునుండి పేరు, పుట్టినతేది, ఆసుపత్రి సంఖ్య తొలగించి, ఒక గుర్తు సంఖ్యను ఉంచవలెను. ఇంతటితో చాలునని చాలమంది తలంచిరి. కాని మెదడు స్కానులో ముక్కు, కన్నులు, గడ్డము కూడ పడును. అంకెలనుండి ముఖమును తిరిగి నిర్మింపవచ్చును. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ వారు 84 మంది స్వచ్ఛంద సేవకుల స్కానులతో ఇట్లు ముఖములను నిర్మించి, ముఖమును గుర్తించు సాఫ్ట్‌వేరు ద్వారా వారి ఫొటోలతో పోల్చిరి. నూటికి 83 మందిని అది సరిగా గుర్తించినది. ఈ కారణముననే స్కానునుండి ముఖభాగమును చెరిపివేయు సాధనములును వచ్చినవి.

కావున సంతకము చేయుటకు ముందు ఇంటివారు కొన్నిటిని అడుగవలెను. ముఖభాగమును చెరిపివేయుదురా? స్కానును ఈ సంస్థలోనే ఉంచుదురా, బహిరంగ నిధికి ఇత్తురా? తరువాత మనస్సు మారినచో వెనుకకు తీసికొనవచ్చునా? బహిరంగ నిధిలో చేరి ఇతరులు దింపుకొన్న ప్రతులను మరల రప్పించుట సాధ్యము కాదు గనుక ఈ ప్రశ్న ముందే అడుగదగినది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక నియమములనుబట్టి సమ్మతి స్వేచ్ఛగా ఇయ్యవలసినది; వలదన్నచో చికిత్సలో ఏ లోటును రాకూడదు. కాగితము తెలిసిన భాషలో ఉండవలెను. బిలాస్‌పూరులో హిందీ కాగితము ఇచ్చినపుడు వృద్ధులకు తెలుగులో చదివి చెప్పుడని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. మతిమరుపు ముదిరి విషయమును గ్రహింపలేని స్థితిలో చట్టరీత్యా తగిన బంధువు సంతకము చేయవచ్చును. అయినను రోగికి తెలియగలిగినంత మేరకు చెప్పి, ఆయన మాటను వినవలెను.

అడుగవలసినది ఇంకొకటి మిగిలినది. పరిశోధకులు స్కానును కొలుచునపుడు అనుకోకుండ వేరొక జబ్బు కన్పడవచ్చును. అట్లైనచో ఇంటికి తెలుపుదురా, ఎవరు తెలుపుదురు, ఏ వైద్యునియొద్దకు పోవలెను అను వివరమును కాగితముమీదనే వ్రాయించుకొని, ఒక ప్రతిని స్కాను సీడీతోపాటు ఇంట భద్రపరుచుకొనవలెను.