పిల్లల చేతికి ఎలాంటి తుపాకి?

“తాతా, ట్రిగ్గరు కింద కొక్కెం లాంటిది కిందికీ పైకీ ఆడించి కాలుస్తారే, ఆ తుపాకి మా ఎన్.సి.సి.లో ఎందుకియ్యరు?” అని అడిగాడు మా మనవడు. వాడు ఆత్మకూరులో చదువుతున్నాడు, వచ్చే క్యాంపులో ఫైరింగు ఉందంట. కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చినప్పటి నుంచీ మనవాళ్ళకి కౌబాయ్ తుపాకి మీద మోజు తగ్గలేదు. మర్రిపాడులో మా అరుగు మీద వాడికి చెప్పిందే మీకూ చెబుతా.

ఆ కొక్కేన్ని లీవరు అంటారబ్బయా. బోరింగు కొట్టేటప్పుడు పిడి మూరెడు కదిలితే లోపల కడ్డీ జానెడే కదులుతుంది. కదలిక తగ్గిన మేరకు బలం పెరుగుతుంది. ఇక్కడా అంతే. వేళ్ళు దూర్చి లీవరును కిందికి నెడితే, తూటాను వెనకనుంచి మూసి ఉంచే బోల్టు వెనక్కి జరుగుతుంది, కాలిన గుల్ల బయటికి ఎగిరిపడుతుంది, సుత్తి వెనక్కి వంగి స్ప్రింగు బిగుస్తుంది. పైకి లాగితే కొత్త తూటా లోపలికి పోతుంది. అమెరికాలో బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో ఇలాంటి తుపాకికి పేటెంటు తీసుకున్నాడు. దానిలో తూటాలు నింపే గొట్టంలో 16 పట్టేవి.

హెన్రీ తుపాకిలో వాడిందీ, ఎన్.సి.సి. పిల్లలు కాల్చే పాయింట్ టూ టూ రైఫిలులో వాడేదీ రిమ్‌ఫైర్ తూటాలే. తూటా అడుగున సన్నటి అంచు ఉంటుంది. ఆ అంచు మడత లోపల, దెబ్బ తగిలితే భగ్గుమనే మందు ఉంటుంది. పిన్ను వచ్చి అంచుని నలిపితే నిప్పు పుట్టి అసలు పౌడరుకి అంటుకుంటుంది. అంచు నలగాలంటే ఇత్తడి పలచగా ఉండాలి. పలచటి గుల్ల ఎక్కువ ఒత్తిడికి ఆగదు. అందుకే ఈ జాతి తూటాల్లో ఈనాటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నవి చిన్నవే. పిల్లలకి అదే మేలయింది.

ఎట్లా మేలో లెక్క చూద్దాం. పాయింట్ టూ టూ గుండు బరువు సుమారు 2.6 గ్రాములు, వేగం సెకనుకి 330 మీటర్లు. న్యూటన్ చెప్పినట్టు గుండు ముందుకి పోతే తుపాకి వెనక్కి తన్నాలి. రెండున్నర కిలోల రైఫిలు ఆ తన్నుకి సెకనుకి 34 సెంటీమీటర్ల వేగంతో మాత్రమే భుజానికి వస్తుంది. పాతకాలం పోలీసుల త్రీ నాట్ త్రీ గుండు 11 గ్రాములు, వేగం సెకనుకి 740 మీటర్లు. దాని తన్నులో ఉండే శక్తి దీనికి ఎన్నో పదుల రెట్లు! పెద్ద తన్ను తిన్న పిల్లాడు రెండోసారి పేలకముందే కళ్ళు మూసేస్తాడు, భుజం బిగిస్తాడు. ఆ అలవాటు ఒకసారి పడితే వదిలించడం ఎంతో కష్టం.

ఇక లీవరు తుపాకి సంగతి. దానిలో మంచి లేకపోలేదు. బోల్టుని పిడితో లాగే బోల్టు రైఫిలులో ఆ పిడి మామూలుగా కుడివైపుంటుంది, ఎడమచేతి వాటం పిల్లలకి అవస్థ. లీవరు నడిమధ్య ఉంటుంది కాబట్టి ఏ చెయ్యైనా ఒకటే. కానీ తూటాలు గొట్టంలో కనపడకుండా ఉంటాయి, అన్నీ అయిపోయాయో ఒకటి మిగిలిందో పైకి తెలియదు. ఇంకోటి, పాతరకం తుపాకుల్లో కాల్చకుండా సుత్తిని దించాలంటే, లోపల తూటా ఉండగానే బొటనవేలితో పట్టి మెల్లగా వదలాలి. చిన్న వేలు జారితే? నన్నడిగితే, నేర్చుకునే బిడ్డకి ఒక్కో తూటా చేత్తో పెట్టే బోల్టు రైఫిలే మంచిది. బోల్టు వెనక్కి లాగితే ఖాళీనో కాదో కంటికి తెలిసిపోతుంది. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కూడా పెల్లెట్లు ఒక్కొక్కటే పెట్టి కాల్చాలి.

బరువూ చూడాలి. ఎన్.సి.సి. డీలక్స్ రైఫిలు రెండు కిలోల ముప్పావు ఉంటుంది. బక్కపిల్లాడికి అదీ బరువే. బోర్లా పడుకుని మోచేతులు నేలకానిస్తే ఆ బరువు భూమి మోస్తుంది. తుపాకి మడమ భుజాన ఆనించినప్పుడు మెడ సాచకుండా కన్ను గురికి అందాలి, వేలు సాగదీయకుండా ట్రిగ్గరు అందాలి. మడమ పొడవైతే ఎంత మంచి రైఫిలైనా ఆ పిల్లాడిది కాదు.

మన దేశంలో 21 ఏళ్ళు నిండనిదే తుపాకి లైసెన్సు ఇవ్వరు. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు శిక్షణలో, నిబంధనల ప్రకారం కాల్చొచ్చు. మామూలు ఎయిర్ రైఫిలు, అంటే 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. తొలి అడుగు దానితోనే వెయ్యమంటాను. అరగ్రాము పెల్లెట్టు సెకనుకి 170 మీటర్ల వేగంతో పోతే శక్తి ఏడు జౌళ్ళ చిల్లర. పాయింట్ టూ టూ గుండుకి 140 జౌళ్ళుంటుంది, పైకెత్తి వదిలితే కిలోమీటరు దాటి పోగలదు. అట్లాంటిది పొలంలో ఆడుకునే వస్తువా? వెనకాల ఎత్తైన మట్టికట్ట ఉన్న రేంజిలోనే కాల్చాలి. ఎయిర్ రైఫిలైనా కన్ను పోగొడుతుంది, పిట్ట ప్రాణం తీస్తుంది. వెలుగొండల వైపు పిట్టల కోసం దాన్ని మోసుకుపోయే పిల్లల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మనవడికి చివరగా చెప్పినవి ఇవి: ‘ఖాలీ కర్’ (తుపాకి ఖాళీ చెయ్యి) అని ఆదేశం వచ్చాక కూడా గొట్టం ఎవరి వైపూ తిప్పొద్దు. గురి చూసేదాకా వేలు ట్రిగ్గరు మీద పెట్టొద్దు. చెవులకి రక్షణ పెట్టుకో. గుండులో ఉండేది సీసం, కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టుకోవద్దు.