‘ఓర్చుకో’ అనే ముందు

పెదనాన్న తువ్వాలు అంచు పీలికలై ఉండటం మొదట చూసింది పెద్దమ్మ. ఎలుకలు కొరికాయనుకుంది. రెండు రోజుల తర్వాత అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఆ తువ్వాలు నోట్లో కుక్కుకుని కొరుకుతున్నాడు. పొద్దున్నే అడిగితే "ఏం లేదు, పర్లేదు" అన్నాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకి అప్పటికి నాలుగు నెలలు. ప్రకాశం జిల్లాలో పొగాకు పండించిన రైతు. ఆకు ఆరబెట్టే బ్యారన్ వేడికి కాగిన ఒళ్లు. నొప్పి అని నోరు తెరవడం ఆయన దృష్టిలో పరువు తక్కువ. అందులో మా తప్పూ ఉంది. చూడటానికి వెళ్లినవాళ్లమంతా "ఆ గుండె నిబ్బరం ఎవరికొస్తుంది" అని మెచ్చుకునే వచ్చాం. ఆ మెచ్చుకోలే ఆయన నోటికి అడ్డుపడిందని తర్వాత తెలిసింది.

ఓర్చినమ్మకు తేటనీరు అన్న సామెత బావి దగ్గర నిజం. ఎముకలో రగిలే నొప్పికి అది వర్తించదు. తీవ్రమైన నొప్పి గురించి మన ఇళ్లలో నాటుకుపోయిన నమ్మకాలు కొన్ని మనిషిని వృథాగా బాధపెడతాయి. కొన్నయితే కాలో చెయ్యో పోగొడతాయి.

అపోహ: దెబ్బ ఎంత పెద్దదైతే నొప్పి అంత ఎక్కువ.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రణరంగంలో పనిచేసిన హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తు డాక్టరు, ఒళ్లు ఛిద్రమై వచ్చిన సైనికులను నొప్పి మందు కావాలా అని అడిగి చూశాడు. నలుగురిలో ముగ్గురు అక్కర్లేదన్నారు. వాళ్లు స్పృహ తప్పి లేరు. మొద్దుబారిపోనూ లేదు. సూది సరిగా గుచ్చకపోతే అందరిలాగే గట్టిగా అరిచేవారు. బీచర్ 1946లో ఈ సంగతి ప్రచురించాడు. యుద్ధంలో తగిలిన గాయానికి ‘బతికి బయటపడ్డాను, ఇంక ఇంటికి వెళ్లొచ్చు’ అనే అర్థం ఉంది. అంతకన్నా చిన్న కోతతో మామూలు ఆస్పత్రిలో పడుకున్నవాడికి ఆ కోతే బతుకు మీద బెంగ.

గాయం దగ్గర బయల్దేరిన కబురు నేరుగా మెదడుకు చేరదు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు వెన్నుపాములో తలుపులాంటి ఏర్పాటు ఉంటుందని ప్రతిపాదించారు. మోకాలు గడపకు కొట్టుకుంటే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, ఆ స్పర్శ తలుపును కొంత మూస్తుంది. భయం, నిద్రలేమి, ఒంటరితనం దాన్ని బార్లా తెరుస్తాయి. ఈ ఆలోచనకు తర్వాత చాలా మార్పులు జరిగినా, మెదడు నొప్పిని తగ్గించగలదు, పెంచగలదు అన్న మూలం నిలిచింది. ‘అయితే అదంతా మనసులోనే’ అని దీనికి అర్థం తీయకూడదు. లారీ ప్రమాదంలో కాలు తీసేసినవాడు లేని పాదంలో మంట అంటాడు. ఆ మంట నిజం. తమిళనాడులో పుట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఒక అద్దం పెట్టి, ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చేతి స్థానంలో కనిపించేలా చేశారు. లేని చెయ్యి బిగుసుకుపోయి బాధపడుతున్నవారిలో కొందరికి ఆ పిడికిలి విడినట్టు అనిపించి ఉపశమనం కలిగింది.

అపోహ: నిజంగా అంత నొప్పి ఉంటే మొహంలో తెలియదా?

వాస్తవం: కొత్త నొప్పికి చెమటలు పడతాయి, నాడి వేగం పెరుగుతుంది. అదే నొప్పి నెలల తరబడి ఉంటే శరీరం ఈ గుర్తులు చూపించడం మానేస్తుంది. నొప్పితో అలసిన మనిషి నిద్రపోతాడు, టీవీ చూస్తాడు, మనవడితో నవ్వుతాడు. నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఎప్పుడూ ఆ మనిషి సొంత అనుభవమని, ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా రాసింది.

ఈ అపనమ్మకానికి ఎక్కువగా బలయ్యేది సికిల్ సెల్ ఉన్న పిల్లలు. ఆదిలాబాద్ గూడేల్లో, పాడేరు మన్యంలో ఈ జబ్బు ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డం పడతాయి. అక్కడి ఎముకకు ప్రాణవాయువు అందక నొప్పి లేస్తుంది. ఎముక విరిగినంత నొప్పి అంటారు అనుభవించినవాళ్లు. ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు. నిన్న బడికి వెళ్లి ఆడుకున్న పిల్లాడు ఇవాళ మంచం మీద మెలికలు తిరుగుతుంటే బడి ఎగ్గొట్టే నాటకం అనుకుంటారు. 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద రక్తపరీక్షలు చేస్తున్నారు. పరీక్షతో పాటు పిల్లాడి మాట నమ్మడం కూడా చికిత్సలో భాగమే.

చెప్పుకోలేనివాళ్ల సంగతి ఇంకా దారుణం. పసికందుల నాడులు పూర్తిగా ఎదగలేదు, వాళ్లకు నొప్పి తెలియదని 1980ల నడిమి దాకా పెద్ద పెద్ద దేశాల డాక్టర్లే నమ్మారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు కదలకుండా మందిచ్చి, నొప్పి మందు మాత్రం చాలినంత ఇవ్వకుండా ఆపరేషన్లు చేశారు. భారతదేశం నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్జీత్ ఆనంద్ అనే పిల్లల డాక్టరు 1987లో తన పరిశోధనతో ఆ నమ్మకాన్ని కూల్చారు. నొప్పి మందు సరిగా అందిన బిడ్డలకు ఆపరేషన్ తర్వాత చిక్కులు తక్కువ వచ్చాయి.

అపోహ: కట్టు కట్టాక నొప్పి సహజం, బిగుతుగా ఉంటేనే ఎముక అతుకుతుంది.

వాస్తవం: ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి. పుత్తూరు కట్టు అయినా, ఆస్పత్రి పిండికట్టు అయినా, ఊళ్లో వెదురు బద్దలతో కట్టినదైనా, కట్టిన తర్వాత నొప్పి తగ్గుతూ రావాలి. గంట గంటకూ పెరుగుతుంటే అది ప్రమాద ఘంటిక.

మన కాళ్లలో, చేతుల్లో కండరాలు సాగని పొరల్లో, దిండు గలీబులో దూది కుక్కినట్టు ఉంటాయి. విరిగిన చోట వాపు వస్తుంది. పొర సాగదు, పైన కట్టు సాగదు. లోపలి ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందడం ఆగిపోతుంది. అప్పుడొచ్చే నొప్పి దెబ్బకు మించి ఉంటుంది, బిళ్లకు లొంగదు. వేళ్లను మెల్లగా వెనక్కి చాపితే ప్రాణం పోయినట్టు అరుస్తారు. ఆ తర్వాత తిమ్మిరి, పాలిపోవడం. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటోంది కదా అని ధైర్యపడకూడదు, చాలామందిలో అది చివరిదాకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇలా సుమారు ఆరు గంటలు గడిస్తే కండ చచ్చిపోతుంది, మళ్లీ బతకదు. చెట్టు మీద నుంచి పడి మోచేయి దగ్గర ఎముక విరిగిన పిల్లల్లో చెయ్యి కొంకర్లు పోయి మిగలడాన్ని జర్మన్ సర్జన్ ఫోల్క్‌మన్ 1881లోనే వివరించాడు.

అందుకే రాత్రి రెండింటికి పిల్లాడు "కట్టు విప్పండి" అని ఏడుస్తుంటే, "తెల్లారనీ నాన్నా, ఓర్చుకో" అనకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కోయించండి. కట్టు మళ్లీ వేయించుకోవచ్చు. చచ్చిన కండ తిరిగి రాదు.

అపోహ: కడుపునొప్పికి మందిస్తే అసలు జబ్బు కప్పబడిపోతుంది.

వాస్తవం: స్కానింగులు లేని కాలంలో, చేత్తో నొక్కి చూసే సర్జన్లు చెప్పిన జాగ్రత్త ఇది. తర్వాత జరిగిన పరీక్షల్లో, ఆస్పత్రిలో నొప్పి తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చినా రోగ నిర్ధారణ దెబ్బతినలేదని తేలింది. నొప్పి తగ్గిన రోగి కడుపు బిగబట్టడు, డాక్టరు చేతికి ఇంకా బాగా దొరుకుతాడు. ఇంట్లో బిళ్లలు మింగుతూ ఆస్పత్రికి పోకుండా కూర్చోవడం మాత్రం వేరే సంగతి, అది నిజంగానే ప్రమాదం.

అపోహ: నొప్పి లేదంటే ఏమీ లేనట్టే.

వాస్తవం: కుష్ఠు వల్ల వేళ్లు కుళ్లి రాలిపోతాయని శతాబ్దాలుగా నమ్మారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఆ రోగులను ఓపిగ్గా గమనించి, వేళ్లను తినేది జబ్బు కాదు, నొప్పి తెలియకపోవడం అని చూపించారు. వాళ్లు కాగే గిన్నెను ఒట్టి చేత్తో పట్టుకునేవారు. కాల్లో మేకు దిగినా నడిచేవారు. కొందరి వేళ్లను నిద్రలో ఎలుకలు కొరికితే మెలకువే రాలేదు. పెద్దమ్మ ఎలుకలనుకున్న రోజు నాకు ఇది గుర్తుకొచ్చింది. నొప్పి లేకపోవడం వరమని ఎవరైనా అంటే, పాకిస్తాన్ వీధుల్లో నిప్పుల మీద నడిచి, చేతుల్లో కత్తులు గుచ్చుకుని డబ్బులు సంపాదించిన ఒక పిల్లాణ్ని తలుచుకోవాలి. పుట్టుకతోనే నొప్పి తెలియని ఆ పిల్లాడు పద్నాలుగేళ్లు నిండకుండానే మిద్దె మీద నుంచి దూకి చనిపోయాడు. అతని బంధువుల కుటుంబాలను పరిశీలించే 2006లో ఆ లోపానికి కారణమైన జన్యువును గుర్తించారు.

మన ఇళ్లలో ఇది షుగర్ రూపంలో ఉంది. పాదాల స్పర్శ పోయినవారికి చెప్పులో గులకరాయి తెలియదు, పుండు పడినా తెలియదు. రోజూ పాదాలు చూసుకోమని చెప్పేది అందుకే. కాలినప్పుడు కూడా అంతే. బొబ్బలెక్కి భరించలేని మంట పెట్టే గాయం కన్నా, తెల్లగా తోలులా మారి నొప్పే లేని గాయం లోతైనది, ఎందుకంటే అక్కడ నాడులే కాలిపోయాయి.

అపోహ: నొప్పుల బిళ్లలు రోజూ వేసుకున్నా ఏం కాదు, మార్ఫిన్ మాత్రం విషం.

వాస్తవం: మనం భయపడాల్సినదాన్ని జేబులో పెట్టుకు తిరుగుతాం, జాగ్రత్తగా వాడుకోదగినదాన్ని చూసి పారిపోతాం. డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. వయసు మీరినవారికి, బీపీ, షుగర్ ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. పశువులకు వేసిన ఇదే మందు కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీలను చంపి మన ఆకాశంలోంచి వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల శరీరం రాబందుల శరీరం కాదు, నిజమే. అయినా షాపులో అడగ్గానే ఇచ్చే బిళ్లను మిఠాయిలా మింగకూడదని గుర్తుచేయడానికి అది చాలు.

పెదనాన్నకు మార్ఫిన్ రాసిన రోజు పెద్దమ్మ ఆస్పత్రి వరండాలో కూలబడిపోయింది. "అయితే ఇంక లాభం లేదన్నమాట" అంది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి "ఆ మందు ముట్టుకోవద్దు, ఇక్కడ దాని జాతి మందులతో ఎంతమంది పోయారో తెలుసా" అన్నాడు. తమ్ముడి భయం ఉత్తుత్తిది కాదు. నడుము నొప్పులకూ, పంటి నొప్పులకూ విచ్చలవిడిగా రాసి అక్కడ పెద్ద ఉపద్రవమే తెచ్చుకున్నారు. దీర్ఘకాలపు మామూలు నొప్పులకు అవి తగిన మందులు కావు. క్యాన్సర్ నొప్పి వేరు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మెట్ల పద్ధతి చెప్పినప్పుడు పై మెట్టు మీద మార్ఫిన్‌నే పెట్టింది. ఇంకా ఎన్నాళ్లు బతుకుతాడన్నది లెక్కగట్టి ఆ మందు ఇవ్వరు. నొప్పి ఎంత ఉందన్నది చూసి ఇస్తారు. రేడియేషన్‌తో నొప్పి తగ్గితే మోతాదు తగ్గించేస్తారు కూడా.

మామూలు మార్ఫిన్ బిళ్ల పట్టు నాలుగు గంటలు. నొప్పి లేచాక కాదు, లేవకముందే గడియారం చూసి వేసుకోవాలి. ఇలా వేళ తప్పకుండా ఇచ్చే పద్ధతిని 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) తెరిచిన సిసిలీ సాండర్స్ బలంగా ప్రచారం చేశారు. మొదటి రోజుల్లో మగతగా ఉంటుంది, వికారం రావచ్చు, అవి సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. దానికి మొదటి రోజు నుంచే మందు తోడుండాలి. శరీరం అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు. అలవాటుపడిన శరీరానికి మందు ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తే సరిపోతుంది. నొప్పిని బట్టి డాక్టరు కొద్దికొద్దిగా పెంచే మోతాదు ప్రాణం తీయదు. కిడ్నీలు బాగా లేనివారి విషయంలో మరింత జాగ్రత్త పడతారు.

నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండుతుంది. అలాంటి దేశంలోనే క్యాన్సర్ రోగికి బిళ్ల దొరకలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అన్ని లైసెన్సులు అడిగింది, ఆస్పత్రులు విసిగి ఆ మందు తెప్పించడమే మానేశాయి. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివారు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. ఇవాళ హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేంద్రాలు వెలిశాయి. ‘పాలియేటివ్’ అన్న బోర్డు చూసి చావుకు గది అనుకుని వెనక్కి తిరగకండి. అక్కడ చూసేది నొప్పిని.

అపోహ: డాక్టరుకు అన్నీ తెలుసు, మనం చెప్పేదేముంది?

వాస్తవం: మెల్జాక్ 1975లో ఇంగ్లిషులో నొప్పికి వాడే మాటలన్నీ పోగేసి ఒక ప్రశ్నావళి చేశాడు, మాటను బట్టి నొప్పి రకం పట్టుకోవచ్చని. మన భాషకు ఆ సంపద పుట్టెడు ఉంది. పోటు, సలుపు, తీపు, మంట, గుంజుడు, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు. ఒక్కోటి ఒక్కో దారి చూపుతుంది. మంట, తిమ్మిరి, కరెంటు అంటే నాడి దెబ్బతిన్నదేమో చూస్తారు, దానికి మందులే వేరు. సలుపు అంటే వాపో చీమో. అడుగు తీసి అడుగు వేస్తే లోపల పోటు అంటే ఎముక మీద అనుమానం. "నొప్పండీ" అని ఆపేస్తే డాక్టరుకు ఇవేవీ అందవు.

పెదనాన్నకు మార్ఫిన్ రాసిన డాక్టరమ్మ మాకు చెప్పింది ఒక్కటే: ఒక నోట్‌బుక్ పెట్టండి, ఎప్పుడు లేచింది, ఎలా ఉంది, మందుకు ఎంతసేపు ఆగింది రాయండి. పెద్దమ్మ మూడో తరగతి దాకానే చదివింది. పాత పాల పద్దుల నోట్‌బుక్ వెనకవైపు నుంచి రాసింది. మొదటి పేజీ నిండా ‘పోటు’, ‘మంట’, ‘ఏడ్చారు’. పదకొండో రోజు పేజీలో మూడే వరసలు.

రాత్రి 10 – బిళ్ల.
2 – నిద్ర.
6 – లేచారు. కాఫీ అడిగారు.