బడ్జెట్ పుస్తకంలో 789: మన పైసలు ఎక్కడ వెతకాలి?

ప్రతి ఏడూ ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఆర్థికమంత్రి శాసనసభలో బడ్జెట్ చదువుతాడు. తెల్లారి పేపర్లో పెద్ద అంకె వస్తుంది. ఇబ్రహీంపట్నం బస్టాండు హోటల్లో చాయ్ తాగుతూ దాన్ని చూసి, 'లచ్చల కోట్లు మన లెక్క కాదు' అని పేపర్ మడిచి పెడతాం. మనం చేసే మొదటి పొరపాటు ఇదే.

ఇబ్రహీంపట్నానికి ఈ సంగతి తెలియనిది కాదు. 1980లలో ఇక్కడ తాలూకా వ్యవసాయ కూలీ సంఘం జీతగాళ్లను వెట్టి నుంచి విడిపించింది. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. కానీ జీతం వదిలి బయటికొచ్చినోడు తెల్లారి ఏం తినాలి? దానికి 1978లో పునరావాస పథకం పెట్టారు. మనిషికి 4,000 రూపాయలు, సగం కేంద్రం, సగం రాష్ట్రం. అది 1986లో 6,250, 1995లో 10,000, 2000లో 20,000 అయ్యింది. రాష్ట్రం తన సగం బడ్జెట్లో పెట్టకపోతే, పెట్టినా విడుదల చేయకపోతే, విడుదల కాగితం పట్టుకొని ఆ మనిషి మళ్లీ అదే దొర గడప తొక్కాల్సి వచ్చేది. చట్టం హక్కు ఇస్తుంది. ఆ హక్కును ఇంటిదాకా తెచ్చేది బడ్జెట్ పద్దు.

అంబేద్కర్ ఈ సంగతి ముందే పట్టుకున్నాడు. బ్రిటిషిండియాలో రాష్ట్రాల ఆదాయ వ్యయాలు ఎట్లా రూపుదిద్దుకున్నాయో పరిశోధించి రాసిన ఆయన గ్రంథం 1925లో అచ్చయింది. కుల నిర్మూలన గురించి రాసిన చెయ్యే ఖజానా గురించి కూడా రాసింది. మనం మొదటిది చదివాం, రెండోదాన్ని వదిలేశాం.

రాబడి ఎవరిది?

రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం ప్రతి ఏటి రాబడి, ఖర్చుల అంచనాను శాసనసభ ముందు పెట్టాలి. తెలంగాణ 2025-26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అందులో రెవెన్యూ రాబడి అంచనా 2,29,720 కోట్లు. ఇది నాలుగు దారుల్లో వస్తుంది: రాష్ట్రం సొంత పన్నులు, పన్నేతర రాబడి, కేంద్ర పన్నుల్లో వాటా, కేంద్ర గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021-26) రాష్ట్రాలన్నిటికీ పంచే సొమ్ములో తెలంగాణ వాటా 2.102 శాతం.

'పన్ను కట్టేది పెద్దోళ్లు, తినేది ఎస్సీలు' అనే మాట మనకు కొత్త కాదు. అది అబద్ధం. సబ్బుబిళ్ల మీద జీఎస్టీ కూలీ కూడా కడుతుంది. మోటర్ సైకిల్లో పోసుకునే పెట్రోలు మీద, సీసాలో మందు మీద రాష్ట్రం వేసే పన్ను రాష్ట్ర ఖజానాకే పోతుంది. ఇంకో దారి భూమి. 2023 ఆగస్టులో మన రంగారెడ్డి జిల్లా కోకాపేటలోనే వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. భూమి లేనోడికి పంచడానికి లేదన్న సర్కారు భూమి, అమ్ముకోవడానికి మాత్రం ఉంది.

ఖర్చు, లోటు

ఆ 3,04,965 కోట్లలో రెవెన్యూ ఖర్చు 2,26,982 కోట్లు. అంటే జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు, పథకాలు. రోడ్లు, కట్టడాల వంటి ఆస్తుల మీద పెట్టే మూలధన వ్యయం 36,504 కోట్లు. మిగిలిన 41 వేల కోట్ల పైచిలుకు పాత బాకీల అసలు కట్టడానికి, సంస్థలకు ఇచ్చే అప్పులకు పోతుంది.

రెవెన్యూ రాబడిలోంచి రెవెన్యూ ఖర్చు తీస్తే 2,738 కోట్లు మిగులు చూపించారు. అదే పుస్తకంలో ద్రవ్యలోటు 54,009 కోట్లు, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం. మిగులూ లోటూ ఒక్క దగ్గరే ఎట్లా ఉంటాయి? మిగులు రోజువారీ లెక్కకే. కట్టడాలకు, ఇచ్చే అప్పులకు పెట్టేది కూడా కలిపి, అప్పు కాని రాబడితో పోల్చి చూస్తే తక్కువ పడేదే ద్రవ్యలోటు. దాన్ని అప్పుతో పూడుస్తారు.

ఇంకా, బడ్జెట్ బయట కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన అప్పులున్నాయి. 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం పెట్టిన శ్వేతపత్రం మొత్తం అప్పును 6,71,757 కోట్లని చెప్పింది. దిగిపోయిన పార్టీ ఆ లెక్కను ఒప్పుకోలేదు.

అప్పు అంటే ఏందో జీతగాడి కొడుక్కు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పు చేయడమే తప్పని కాదు. బావి తవ్వడానికి చేసిన అప్పు వేరు, వడ్డీ కట్టడానికి చేసిన అప్పు వేరు. మనకు అసలు దెబ్బ ఇంకో చోట తగులుతుంది. అంచనా వేసినంత రాబడి రానప్పుడు జీతాలు ఆపలేరు, వడ్డీ ఆపలేరు. ఆపగలిగేది పథకం పైసలే. అందుకే స్కాలర్‌షిప్పులు, ఫీజు బకాయిలు పేరుకుపోతాయి. ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో మన పిల్లలకు సర్టిఫికెట్ ఆగిపోయేది కూడా అక్కడే. లోటు భారం అందరి మీదా సమానంగా పడదు.

789 పద్దు

గిరిజన ఉపప్రణాళిక 1974లో, ఎస్సీల ప్రత్యేక ప్రణాళిక 1979లో మొదలయ్యాయి. జనాభా ఎంతో నిధి అంత అన్నది సూత్రం. చట్టం లేదు కాబట్టి నిధులు మళ్లించినా అడిగే దిక్కు లేకపోయింది. దళిత, గిరిజన సంఘాల పోరాటం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపప్రణాళిక చట్టం 2013 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ ఆ ఏడు ఖర్చు కాని పైసలు ఆ ఏడే మురిగిపోయేవి. ప్రణాళిక, ప్రణాళికేతర పద్దుల తేడా పోయాక 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. ప్రగతి పద్దులో జనాభా దామాషా, అంటే 2011 లెక్కల ప్రకారం ఎస్సీలకు 15.45 శాతం, ఎస్టీలకు 9.08 శాతం కేటాయించాలి. మిగిలిపోయిన నిధిని తర్వాతి ఏడుకు కలిపే ఏర్పాటు కూడా అందులో ఉంది.

ఈ పైసలను పుస్తకంలో వెతకడానికి ఒక గుర్తుంది. ఏ శాఖ పద్దు తీసినా అందులో 789 అనే ఉపపద్దు ఎస్సీలది, 796 గిరిజనులది. 2225 పద్దు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమానిది. వ్యవసాయంలో 789, విద్యుత్తులో 789, రోడ్లలో 789 విడివిడిగా కూడుకోవాలి. అప్పుడొక ప్రశ్న లేస్తుంది. అందరూ నడిచే రోడ్డులో, అందరికీ వచ్చే సబ్సిడీలో ఒక ముక్క కోసి 789 కింద రాస్తే అది దళితవాడకు చేరినట్టా, కాగితం మీద కూడిక సరిపోయినట్టా?

అంచనా వేరు, లెక్క వేరు

2025-26లో ఎస్సీ సంక్షేమానికి 40,232 కోట్లు అన్నారు. ఇది అంచనా. దళితబంధును గుర్తు చేసుకోండి. 2022-23లో 17,700 కోట్లు, 2023-24లో మళ్లీ 17,700 కోట్లు పెట్టారు. ఇంటికి 10 లక్షల చొప్పున ఏడాదికి 1,77,000 కుటుంబాలకు రావాలి. పంచింది దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2023 ఆగస్టులో మన జిల్లా చేవెళ్లలో కాంగ్రెస్ ఇంటికి 12 లక్షలని ప్రకటించింది. ఏ పార్టీ మాటనైనా ఒకటే గజంతో కొలవాలి.

ఆ గజం బడ్జెట్ పుస్తకంలోనే ఉంది. ప్రతి పద్దుకు నాలుగు గడులుంటాయి: రెండేళ్ల కిందటి అసలు లెక్క, నడుస్తున్న ఏటి బడ్జెట్ అంచనా, దాని సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. పేపర్లు నాలుగో గడిని అచ్చేస్తాయి. మనం మొదటి గడి చూడాలి. అప్పటి అంచనాకూ ఈ లెక్కకూ మధ్య ఎంత తేడా ఉందో, అంత మన వాడకు రాకుండా పోయింది.

పని పెద్దదేం కాదు. టీచర్లు, విద్యార్థులు కలిసి ఒక శాఖను పట్టుకొని మూడేళ్ల 789 లెక్క రాయండి. 2005 సమాచార హక్కు చట్టం కింద మండలానికి వచ్చిన పని, అయిన ఖర్చు అడగండి. ఆ కాగితాన్ని గ్రామసభలో గట్టిగా చదవండి. 2009 ఎన్నికల్లో జనరల్ అయ్యేదాకా ఇబ్రహీంపట్నం ఎస్సీ రిజర్వుడు సీటు. సీటు పోయింది. పద్దు మీద హక్కు పోలేదు, అది చట్టంలో రాసి ఉంది. చదివి అడిగేటోళ్లు లేకుంటే మాత్రం అది కూడా పోతుంది.