అమ్ముగూడ బలరాం ఎవరివాడు?

ఇరవై ఏడేళ్లకే ఆగిన ఆట - ఆరు దశాబ్దాలైనా తెగని చర్చ

సికిందరాబాదు నుంచి బొల్లారం వైపు వెళ్లే రైలు మార్గంలో అమ్ముగూడ చిన్న స్టేషను. రామకిష్టాపురం దాటిన తర్వాత వస్తుంది. ఒకప్పుడు కంటోన్మెంటును ఆనుకుని ఉన్న పల్లె. మిలిటరీ వారి మైదానాలు, వాటి అంచున బంతి కోసం కాచుకుని నిలబడే పిల్లలు అక్కడ నిత్యం కనిపించే దృశ్యం. ఆ పిల్లలలో ఒకడు రెండు ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున ఆడాడు. హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఆసియా క్రీడల స్వర్ణ పతకం మెడలో వేసుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే, ఇంకా ఇరవై ఏడేళ్ల వయసులో, బూట్లు విప్పేశాడు. ఆయనే తులసీదాస్ బలరాం.

2023 ఫిబ్రవరి 16న బలరాం కోల్‌కతాలో కన్నుమూశారు. ఆయన పోయినా ఆయన చుట్టూ ఉన్న వాదం మాత్రం పోలేదు. ఫుట్‌బాల్ తెలిసిన వారు నలుగురు చేరితే అది ఇప్పటికీ లేస్తుంది. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం - ఈ ముగ్గురినీ భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులంటారు. ముగ్గురిలో మూడో పేరుకు మిగతా ఇద్దరితో సమానమైన పీట ఎందుకు పడలేదు? ఎనిమిదేళ్లు మాత్రమే పెద్ద పోటీలలో ఆడిన వ్యక్తిని పూర్తి ఆట జీవితం గడిపిన వారి పక్కన నిలబెట్టవచ్చునా? అసలు ఆయనను తమవాడని చెప్పుకోవలసింది ఎవరు?

అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రాడు

బలరాం 1936లో అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. కలిగిన ఇల్లు కాదు. స్థానిక జట్లలో ఆడుతున్న ఈ కుర్రవాణ్ణి హైదరాబాదు జట్టు ఎంపికల సందర్భంలో సయ్యద్ అబ్దుల్ రహీం చూశారు. రహీం అప్పటికే హైదరాబాదు సిటీ పోలీసు జట్టును దేశంలో తిరుగులేని జట్టుగా తీర్చిన శిక్షకుడు. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకూ ఆయనే కోచ్.

రోజూ అమ్ముగూడ నుంచి హైదరాబాదుకు శిక్షణకు రావాలంటే తన దగ్గర డబ్బులేదని బలరాం చెప్పుకున్నారు. రహీం సైకిలు అద్దెకు తన జేబులోంచి డబ్బులిచ్చి రమ్మన్నారు. ఈ సంగతి బలరాం వృద్ధాప్యంలో కూడా తలచుకుంటూ ఉండేవారు. ఆ సైకిలు అద్దె వృథా పోలేదు. 1956-57లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ జట్టులో బలరాం ఉన్నారు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులోనూ ఉన్నారు. ఆ ఒలింపిక్స్‌లో భారత్ సెమీ ఫైనల్స్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఎన్నడూ ఎదగలేదు.

ఆ రోజులలో మంచి ఆటగాడికి కలకత్తా నుంచి పిలుపు రావడం మామూలు. అక్కడ మైదానాలలో వేలాది జనం, పత్రికలలో ఫోటోలు, చేతిలో నాలుగు డబ్బులు. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1961లో ఆ క్లబ్బుకు నాయకుడై కలకత్తా లీగు గెలిపించారు. ఆ ఏడాది లీగులో అందరికన్న ఎక్కువ గోల్స్ కొట్టినది కూడా ఆయనే. ఆ క్లబ్బు తరఫున మొత్తం మీద వందకు పైగా గోల్స్ చేశారు. హైదరాబాదు తరఫున గెలిచిన సంతోష్ ట్రోఫీని తర్వాత బెంగాల్ తరఫున కూడా గెలిచారు.

రోము, జకార్తా

బలరాం గొప్పతనం గురించి వాదించే వారు ముందుగా చెప్పేది 1960 రోము ఒలింపిక్స్ మాట. భారత్ పడిన గ్రూపు కఠినమైనది. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ జట్టులో తర్వాత కాలంలో ఐరోపా అంతటికీ ఉత్తమ ఆటగాడనిపించుకున్న ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. ఆ జట్టుతో భారత్ 1-2 తేడాతో మాత్రమే ఓడింది. భారత్ గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1తో సమానం చేసింది. అది పీకే బెనర్జీ గోల్. పెరూ చేతిలో 1-3తో ఓడింది. ఆ ఒక్క గోల్ మళ్లీ బలరాందే. అంటే రోములో భారత్ కొట్టిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడ కుర్రాడివి. ఆ తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు భారత్ అర్హత సంపాదించలేకపోయింది.

రెండో మాట 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ఆ క్రీడలలో చోటివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ విమర్శించడంతో అక్కడి జనం భారత్ మీద మండిపడ్డారు. భారత జట్టు మైదానంలోకి అడుగు పెడితే చాలు, స్టేడియం అంతా కేకలే. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో ఓడిన జట్టు తర్వాత థాయిలాండునూ, జపానునూ ఓడించింది. ఆ రెండు ఆటలలోనూ బలరాం గోల్స్ ఉన్నాయి. సెప్టెంబరు 4న ఫైనల్స్‌లో అదే కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చుకుంది. గోల్స్ కొట్టినవారు పీకే, జర్నైల్ సింగ్. ముందు వరసలో ఎడమ పక్క ఆడినది బలరాం. గోల్ దగ్గర పీటర్ తంగరాజ్, ముందు వరసలో యూసుఫ్ ఖాన్. వీరిద్దరు కూడా హైదరాబాదు ఫుట్‌బాల్‌లో ఎదిగినవారే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన ఆఖరి స్వర్ణం అదే. ఆ ఏడాదికి బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

ఊపిరి అడ్డుపడిన చోట

1963లో బలరాం ఈస్ట్ బెంగాల్ వదలి బి.ఎన్.ఆర్. జట్టుకు మారారు. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు నిలుపుకున్న రైల్వే జట్టు అది. విశాఖపట్నం వైపు వారికి ఆ మూడక్షరాలు కొత్తవి కావు. కొత్త జట్టు, కొత్త ఉద్యోగం. ఇంకా ఎన్నో ఏళ్ల ఆట మిగిలి ఉందని అందరూ అనుకున్న సమయం. అప్పుడే జబ్బు బయటపడింది. ఊపిరితిత్తుల పై పొరకు వాపు, క్షయ తొలి లక్షణాలు. ఆడటం మానాలన్నది తప్పనిసరి అయింది.

కలకత్తాలో ఫుట్‌బాల్ సీజను వానాకాలం. మోకాలి దాకా బురద, బరువెక్కిన తోలు బంతి. పక్క వరసలో ఆడేవాడు ఆట మొదలైనది లగాయితు ముగిసేదాకా పరుగెత్తుతూనే ఉండాలి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద పోటు వచ్చే మనిషికి అది సాధ్యమయ్యే పని కాదు. క్షయకు మందులు అప్పటికే వచ్చాయి. అయితే ఆ చికిత్స నెలల తరబడి సాగేది. మందులతో మనిషి బతుకుతాడు, ఆట బతకదు.

అదే 1963లో, జూన్ 11న, కేన్సరుతో రహీం మరణించారు. జకార్తా నాటికే జబ్బు మనిషిగా ఉండి జట్టును నడిపించిన గురువు ఒక పక్క వెళ్లిపోయాడు. సైకిలు అద్దె ఇచ్చి ఆయన పైకి తెచ్చిన శిష్యుడు ఒక పక్క మైదానం విడిచాడు. భారత ఫుట్‌బాల్‌కు అది మామూలు ఏడాది కాదు.

"ఉంటే" అన్న మాట

ఇక్కడి నుంచి వాదం రెండు పాయలు అవుతుంది.

ఒక వర్గం వారి లెక్క ఇలా ఉంటుంది: ఆటగాణ్ణి ఆడిన ఆటను బట్టి చూడాలే గాని ఆడి ఉండగల ఆటను బట్టి కాదు. పీకే 1967 వరకు ఆడారు. గాయాలు తిన్నారు, ఫారం పోగొట్టుకున్నారు, మళ్లీ లేచారు. పడిపోయే దశ కూడా చూసిన ఆటగాడే పూర్తి పరీక్ష రాసినట్టు. బలరాం శిఖరం మీద ఉండగా దిగిపోయారు కనుక అందరికీ శిఖరమే గుర్తుంది, అంటారు వీరు.

రెండో వర్గం వారు దీన్ని ఒప్పుకోరు. లెఫ్ట్ అవుట్‌గా, ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా, సెంటర్ ఫార్వర్డ్‌గా, ఎక్కడ నిలబెట్టితే అక్కడ ఆడగలిగినవాడు ముగ్గురిలో ఆయనేనంటారు. ఆయన లేకపోవడం వల్ల తెలిసివచ్చిన లోటును కూడా లెక్కలోకి తీసుకోవాలంటారు. 1964లో ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానంలో నిలిచింది. అదే ఏడాది టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలలో ఇరాన్ చేతిలో ఓడింది. వరసగా నాలుగు ఒలింపిక్స్‌కు వెళ్లిన దేశం అక్కడితో ఆగిపోయింది. బలరాం ఉంటే గెలిచేదని ఎవరూ రుజువు చేయలేరు. గురువూ శిష్యుడూ లేని జట్టే ఓడిందన్నది మాత్రం కాదనలేని సంగతి.

అయితే ఈ రెండు వర్గాలవారూ ఒక విషయం మరచిపోతున్నారు. చునీ గోస్వామి కూడా 1964లోనే, దాదాపు అదే వయసులో, అంతర్జాతీయ ఫుట్‌బాల్ నుంచి తప్పుకున్నారు. తక్కువ కాలం ఆడటమే కారణమైతే చునీ పేరు కూడా మరుగున పడాలి కదా! పడలేదు. క్లబ్బు మారి రైల్వే జట్టుకు పోవడమే కారణమందామా అంటే, పీకే ఆట జీవితంలో ఎక్కువ భాగం గడిచినది ఈస్టర్న్ రైల్వే జట్టులోనే. ఆయన పేరుకూ ఏ లోటూ రాలేదు.

ఆట తర్వాత ఆట

తేడా మైదానంలో లేదు. మైదానం దిగిన తర్వాత ఉంది.

చునీ 1968 వరకు మోహన్ బగాన్‌లో ఆడుతూనే ఉన్నారు. క్రికెట్‌లో బెంగాల్ జట్టుకు నాయకుడై 1971-72లో రంజీ ఫైనల్స్‌కు తీసుకువెళ్లారు. తర్వాత కోల్‌కతా షరీఫ్ అయ్యారు. పీకే కోచ్‌గా రెండో జీవితం మొదలుపెట్టి ఈస్ట్ బెంగాల్‌నూ, మోహన్ బగాన్‌నూ, భారత జట్టునూ నడిపారు. తరం తరువాత తరం ఆటగాళ్లు ఆయన పేరు చెబుతూ వచ్చారు. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చాయి.

బలరాం రైల్వే ఉద్యోగం చేసుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో ఒక ఫ్లాటులో చివరి దాకా ఒంటరిగా ఉన్నారు. మాట పెళుసు, మొహమాటం తక్కువ. పాత క్లబ్బుతో దూరం పెరిగింది. పద్మ పురస్కారం రాలేదన్న బాధను దాచుకోకుండా చెప్పేవారు. 1961లో పీకేకి, 1962లో బలరాంకు, 1963లో చునీకి - అర్జున అవార్డు ముగ్గురికీ వరసగా ఏడాదికొకరికి వచ్చింది. ఆట ఆడుతున్నంత కాలం ముగ్గురినీ ఒకే త్రాసులో తూచిన దేశం, ఆట ముగిశాక రెండు పళ్లేలే చూసింది.

2020లో మార్చి 20న పీకే, ఏప్రిల్ 30న చునీ వెళ్లిపోయారు. త్రిమూర్తులలో మిగిలిన ఒక్కరు దాదాపు మూడేళ్లు బతికి ఉన్నారు. పోయినవారి గురించి చెప్పమని అడగడానికి వచ్చినవారికి ఆయన సమాధానాలు చెప్పారు.

ఇంటివారు ఎవరు?

బలరాం విషయంలో అసలు చిక్కు ఇదే. బెంగాలుకు ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన ఆటగాడు. హైదరాబాదుకు కలకత్తా వెళ్లిపోయిన ఆటగాడు. ఆటగాడి పేరును నిలబెట్టేది పతకం కాదు. అది మావాడిదని చెప్పుకునే ఊరు. పీకేకి శిష్యులున్నారు, చునీకి నగరమే ఉంది. పుట్టిన చోట ఇల్లు విడిచి, ఆడిన చోట మైదానం విడిచిన బలరాంకు ఎవరున్నారు?

ఆయన ఎన్నో స్థానంలో నిలుస్తారన్నది వాదులాడుకునేవారు తేల్చుకోనివ్వండి. అది తేలేది కాదు. కాని ఎక్కడివాడన్నది తేలిపోయిన సంగతి. రోములో హంగరీ గోల్‌లోకి వెళ్లిన బంతిని తన్నిన కాలు అమ్ముగూడలో బంతి తన్నడం నేర్చుకుంది. హైదరాబాదు దాకా అద్దె సైకిలు తొక్కింది. పతకాలు కలకత్తాలో లెక్కపెట్టినా ఆ సైకిలు అద్దె కట్టినది హైదరాబాదు మనిషి.

2024లో రహీం జీవితం మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చిన తర్వాత కొత్త తరం వారు హైదరాబాదు ఫుట్‌బాల్ గురించి అడగడం మొదలుపెట్టారు. గురువు పేరు విన్నవారికి శిష్యుడి పేరు చెప్పడానికి ఇది సమయం. బొల్లారం రైలులో కూర్చున్న కుర్రాడు అమ్ముగూడ స్టేషను బోర్డు చూసి "బలరాం ఊరు ఇదే కదా!" అని పక్కవాడితో అంటే చాలు. పద్మశ్రీ తీర్చని బాకీలో కొంత ఆ ఒక్క మాటతో తీరుతుంది.