పౌరసత్వం మారాక ఊళ్లో ఆస్తి అమ్మకం

భారత పౌరులెవరైనా తమ ఇష్టంతో మరో దేశ పౌరసత్వం తీసుకుంటే ఇక్కడి పౌరసత్వం రద్దవుతుంది. 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ చెప్పేది అదే. పోయేది పాస్‌పోర్టే, ఇల్లు, పొలం, ప్లాటు పోవు. అయినా అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్న తెలుగువాళ్లలో చాలామందికి ఆస్తి అమ్ముకునే హక్కు ఉందో లేదో అన్న బెరుకు ఉంటుంది. ఆ బెరుకుకు మూలం 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా). భారత పౌరులు కానివారు స్థిరాస్తి అమ్మాలన్నా, దానం చేయాలన్నా రిజర్వు బ్యాంకు అనుమతి ముందే తీసుకోవాలని అది శాసించింది. బెంగళూరులో ఒక విదేశీయురాలు 1977లో ఆ అనుమతి లేకుండా రాసిన గిఫ్ట్ డీడ్ చెల్లదని సుప్రీంకోర్టు 2021లో తీర్పు కూడా ఇచ్చింది. కానీ 2000 జూన్ 1న ఫెరా స్థానంలో ఫెమా చట్టం వచ్చాక కథ మారింది.

ఇప్పుడు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నవారు ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం, దుకాణం భారతదేశంలో ఉంటున్నవారికి గానీ, ఎన్నారైకి గానీ, మరో ఓసీఐకి గానీ అమ్మవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం వేరు. వారసత్వంగా వచ్చినవాటిని ఉంచుకోవచ్చు గానీ కొత్తగా కొనకూడదు. అందుకే న్యూజెర్సీలో ఉన్న అన్న తన వాటా పొలాన్ని డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి అమ్మడం కుదరదు. ఊళ్లో ఉంటున్న చెల్లెలికైతే అమ్మవచ్చు.

అయితే హక్కు ఉన్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ కాదు. అసలు చిక్కు చాలాసార్లు పౌరసత్వంలో కాదు, కాగితాల్లో ఉంటుంది. తండ్రి పోయి పదేళ్లయినా పట్టాదారు పాసు పుస్తకం ఆయన పేరు మీదే ఉండటం, దస్తావేజులో ఇంటిపేరు ముందు, అమెరికా పాస్‌పోర్టులో చివర ఉండటం, పెళ్లయ్యాక పేరు మారడం... ఇవన్నీ కొనేవాడు అడ్వాన్సు ఇచ్చాక బయటపడితే బేరం చెడుతుంది. వారసత్వ మ్యుటేషన్, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, భూమి 22-ఏ నిషేధిత జాబితాలో లేదన్న నిర్ధారణ ముందే సిద్ధం చేసుకోవడం మేలు. రద్దయిన పాత పాస్‌పోర్టును కూడా దాచుకోవాలి. దస్తావేజులో ఉన్న మనిషీ ఈ విదేశీ పౌరుడూ ఒకరేనని చూపేది చాలాసార్లు అదే.

స్వయంగా రాలేనివారు పవర్ ఆఫ్ అటార్నీ రాస్తారు. అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ నోటరీ ఎదుట గానీ సంతకం చేసి పంపిన ఆ పత్రానికి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. నోటరీ పత్రమైతే సాధారణంగా అపొస్టిల్ ముద్ర కూడా అడుగుతారు. ఏ ఆస్తి, ఎంత వరకు అధికారం అన్నది స్పష్టంగా రాసిన స్పెషల్ పవరే క్షేమం. అన్ని ఆస్తులకూ కలిపి బావమరిదికి జనరల్ పవర్ రాసిచ్చి, తర్వాత కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబాలు కొత్తేమీ కాదు.

పన్ను దగ్గరికి వచ్చేసరికి పౌరసత్వం ప్రసక్తే ఉండదు. ఆదాయపు పన్ను శాఖ చూసేది ఆ ఏడాది ఈ దేశంలో ఎన్ని రోజులు ఉన్నారన్నది. ఇక్కడ ఉండేవారు 50 లక్షలు, ఆ పైన విలువైన ఇల్లు అమ్మితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటే చాలు. అమ్మేది నాన్ రెసిడెంట్ అయితే ఆ 50 లక్షల పరిమితీ లేదు, ఆ ఒక శాతమూ లేదు. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఆస్తిపై లాభానికి 2024 జులై 23 నుంచి పన్ను 12.5 శాతం, దానిమీద సర్‌చార్జి, సెస్సు. ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి లెక్కవేసే వెసులుబాటు వీరికి లేదు. పైగా పన్ను లాభం మీదే అయినా, లాభమెంతో కొనేవాడికి తెలియదు కాబట్టి టీడీఎస్ కోత మొత్తం ధర మీద పడుతుంది. 60 లక్షలకు కొన్న ఫ్లాటును 80 లక్షలకు అమ్మితే అసలు పన్ను 2.60 లక్షలు, కోత 11.44 లక్షలు. తేడా రిటర్ను వేశాకే తిరిగి వస్తుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆదాయపు పన్ను అధికారికి లెక్క చూపి, తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఈ బాధ తప్పుతుంది. దానికి వారాలు పట్టవచ్చు కాబట్టి బేరం కుదరకముందే ఆలోచించాలి. తెలియక ఒక శాతమే పట్టుకున్న కొనుగోలుదారు తర్వాత మిగతాది తన జేబులోంచి కట్టాల్సి రావచ్చు.

మన దగ్గర రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతికి వచ్చేది మరొకటి అన్న అలవాటు ఇంకా పోలేదు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. విదేశంలో ఉండేవారికి ఇంకో నష్టం కూడా ఉంది: లెక్కలో లేని ఆ డబ్బును బ్యాంకు సముద్రం దాటించదు.

లెక్కలో ఉన్న సొమ్ము ఎన్‌ఆర్‌ఓ (నాన్ రెసిడెంట్ ఆర్డినరీ) ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల డాలర్ల వరకు బయటికి పంపవచ్చు. పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, అమ్మకపు దస్తావేజు, వారసత్వ ఆస్తి అయితే దాని రుజువులు బ్యాంకు అడుగుతుంది. వెళ్లకముందు తెరిచిన సేవింగ్స్ ఖాతానే వాడుతున్నవారు ముందు దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి.

ఇక అమెరికా పౌరుడు లోకంలో ఎక్కడ సంపాదించినా అక్కడి ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. భారత్‌లో కట్టిన పన్నును అక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు గానీ, రెండు దేశాల లెక్కలు ఒకేలా ఉండవు. వారసత్వ ఆస్తికి మన చట్టం తండ్రి కొన్న ధరనే చూస్తుంది. అది 2001కి ముందు కొన్నదైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను తీసుకోనిస్తుంది. అమెరికా తండ్రి మరణించిన రోజు విలువను తీసుకుంటుంది. కాబట్టి ఇక్కడ పెద్ద లాభంగా కనిపించింది అక్కడ చిన్నది కావచ్చు. పొలం విషయంలో ఇది తిరగబడుతుంది. మున్సిపాలిటీ హద్దుకు, జనాభాను బట్టి, రెండు నుంచి ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న సాగు భూమి అమ్మకంపై మనదేశంలో మూలధన లాభ పన్ను లేదు. అమెరికా అలాంటి మినహాయింపు ఇవ్వదు. ఇక్కడ పన్నే కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. డబ్బు ఇక్కడి ఖాతాలోనే ఉంచినా, విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పది వేల డాలర్లు దాటితే ఆ వివరాన్ని అమెరికా ఖజానా శాఖకు విడిగా తెలపాలి.