ఇసుక పోయింది, రోడ్డు పోయింది – ఊరికి లెక్క చెప్పేదెవరు?

ఏటి ఒడ్డున ఉన్న ఏ ఊరికైనా పోయి రెండు ప్రశ్నలు అడిగి చూడండి. పోయిన ఏడాది మీ ఏట్లోంచి ఎన్ని టన్నుల ఇసుక తరలిపోయింది? ఆ ఇసుక లారీలు గుల్ల చేసిన రోడ్డును ఎవరు బాగు చెయ్యాలి? సర్పంచికి తెలియదు. వార్డు మెంబరుకు తెలియదు. పంచాయతీ కార్యదర్శి "అది మా పరిధిలోది కాదండీ" అంటాడు. గనుల శాఖను అడిగితే ఇసుక మాది, రోడ్డు మాది కాదంటుంది. ఇంజనీర్లను అడిగితే రోడ్డు మాదే, లారీ మాది కాదంటారు. రవాణా శాఖ లారీ మాదే గాని రాత్రిళ్లు కాపలా కాసేందుకు మనుషులు లేరంటుంది. ఇన్ని శాఖలుండి ఊరికి జవాబు చెప్పే దిక్కు లేదు. వ్యవసాయ కార్మికుల సంఘం పని మీద కృష్ణ ఒడ్డు ఊళ్లలో తిరిగే మేము రోజూ చూస్తున్నది ఇదే.

పట్నంలో ఇల్లు కట్టుకునేవాడికి లారీ ఇసుక ఎంతకొస్తుందన్నది పెద్ద వార్త. ఆ మాట ముఖ్యం కాదని మేము అనం. పేదవాడికీ ఇల్లు కావాలి, ఇంటికి ఇసుక కావాలి. కాని ఆ ఇసుక పోయిన ఊళ్లో బావి ఏమయింది, దారి ఏమయింది, కూలి ఏమయింది అన్నది ఎవరికీ పట్టడం లేదు. పట్టించుకోవలసింది ప్రభుత్వం. పట్టించుకునేటట్టు చెయ్యవలసింది మనం.

రోడ్డు ఎట్లా పోయింది

ముందు రోడ్డు సంగతి చూద్దాం. 2000 డిసెంబరులో కేంద్రం గ్రామీణ సడక్ యోజన మొదలుపెట్టాక చాలా ఊళ్లకు తారు దారి పడింది. ఆ దారుల్ని ఆటోకీ, పాల వ్యానుకీ, ధాన్యం ట్రాక్టరుకీ, రోజుకు రెండు మూడు సార్లు వచ్చే బస్సుకీ సరిపడా వేశారు. రాత్రంతా టిప్పర్లు వరస కట్టి నడవడానికి వెయ్యలేదు.

బరువుకీ రోడ్డు దెబ్బతినడానికీ ఉన్న లెక్క చాలామందికి తెలియదు. బరువు రెట్టింపయితే దెబ్బ రెట్టింపవుతుందనుకుంటాం. అట్లా కాదు. ఇరుసు మీద పడే బరువు రెట్టింపయితే రోడ్డుకు తగిలే దెబ్బ దాదాపు పదహారు రెట్లు. బరువు ఒకటిన్నర రెట్లయితే దెబ్బ ఐదు రెట్లు. 1950ల చివర అమెరికాలో రోడ్ల మీద లారీలు నడిపి పరీక్ష చేసి తేల్చిన లెక్క ఇది. మన ఇంజనీర్లూ చదువుకునేది ఇదే. అంటే ఓవర్‌లోడు లారీ ఒక్కటి పోయిన దారిన ఐదు మామూలు లారీలు పోయినట్టు. పదేళ్లు రావలసిన రోడ్డు రెండేళ్లకే గోతులు పడిందంటే అందులో వింతేముంది?

2018లో కేంద్రం లారీల బరువు పరిమితిని తానే పెంచింది. రెండిరుసుల లారీకి మొత్తం 16.2 టన్నులుండేది 18.5 అయింది. మూడిరుసుల లారీకి 25 ఉండేది 28.5 అయింది. లారీకి బరువు పెంచిన ఢిల్లీ ఊరి రోడ్డు మందం పెంచిందా? లేదు. పోనీ ఆ పెంచిన పరిమితి అయినా అమలవుతోందా? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000 వెయ్యమంటోంది. ఎక్కువైన సరుకును అక్కడే దింపించాలని కూడా ఉంది. ఇంత గట్టి చట్టముంది, కాని ర్యాంపు దగ్గర కాటా లేదు. కాటా ఉన్నచోట చూసేవాడు లేడు. చూసేవాడున్నచోట పైనుంచి ఫోను వస్తుంది.

దారి పోతే ముందు దెబ్బ తగిలేది కారున్నవాడికి కాదు. గోతులకు జడిసి బస్సు ఆగిపోతుంది. నాట్లకూ కలుపులకూ పక్క ఊరికి పోయే ఆడకూలీలు ఆటోలో ఒకళ్లమీద ఒకళ్లు కూచోవాలి. "అన్నా, పొలంలో వంగి చేసిన పని కంటే ఈ ఆటోలో పోయి రావటమే నడుం ఇరగ్గొడతంది" అని ఒక కూలి తల్లి మాతో అన్న మాట అన్ని ఊళ్ల మాటా. ఆటోవాడు కిరాయి పెంచుతాడు. అది కూలి డబ్బుల్లోంచే పోతుంది. పురుటి నొప్పులొచ్చిన మనిషికి 108 బండి ఆలస్యంగా వస్తుంది. కాయగూరల రైతు సరుకు బజారుకు చేరేసరికి సగం నలిగిపోతుంది.

ఏరు ఖాళీ గుంట కాదు

ఇక నీటి సంగతి. ఇసుక మేట అంటే ఏటి అడుగున దాచిపెట్టిన చెరువు లాంటిది. ఇసుక రేణువుల మధ్య సందుల్లో వరద నీరు నిలిచి, ఎండాకాలమంతా నెమ్మదిగా ఒడ్డు బావులకూ బోర్లకూ ఊరుతుంది. ఇసుక తీసేసి ఏటి అడుగును లోతు చేస్తే నీరు నడిచే దిక్కు మారుతుంది. పొలాల కింది నీరే ఏటి గోతిలోకి జారిపోతుంది. బోరు ఇంకో వంద అడుగులు దింపాలంటే ఉన్న రైతు అప్పుచేసి దింపుతాడు. కౌలు రైతు ఏం చేస్తాడు? మాలపల్లె, మాదిగపల్లె చేతిపంపు ఎండిపోతే ఎవరు దింపుతారు?

తరుగుపడ్డ ఇసుకను ఏటా వరద పూడుస్తుందిలే అంటారు. ఒకప్పుడు పూడ్చేదేమో. 1967లో నాగార్జునసాగర్ నీళ్లొదిలింది. 1980ల నాటికి పైన శ్రీశైలం కూడా వచ్చింది. పైనుంచి కొట్టుకొచ్చే ఇసుక, ఒండ్రు ఈ జలాశయాల్లోనే నిలిచిపోతున్నాయి. కిందికి చేరేది తక్కువ, తోడేది ఎక్కువ. జమ లేని ఖాతాలోంచి ఎన్నాళ్లు తీస్తారు?

దీనికీ చట్టం లేకపోలేదు. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. ఇసుక మందం మూడు మీటర్ల లోపుంటే తవ్వకూడదనీ, వంతెనలకూ ఆనకట్టలకూ మంచినీటి బావులకూ 500 మీటర్ల లోపు చెయ్యి పెట్టకూడదనీ దాని నిబంధనలు చెబుతున్నాయి. కరకట్ట మీద బళ్లు నడపకూడదు. నిర్ణయించిన చోటనే దాటించాలి. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఐదు హెక్టార్ల లోపు క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అక్రమ తవ్వకాలు వెంటనే ఆపమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2025 ఆగస్టులో ఇంకో కేసులో, ఏడాదికి ఎంత ఇసుక తిరిగి చేరుతుందో లెక్క కట్టకుండా ఇచ్చిన అనుమతి చెల్లదని చెప్పింది. కోర్టు చెబుతూనే ఉంది, పొక్లెయిన్ తవ్వుతూనే ఉంది.

కూలికి దక్కిందేమిటి

ఇసుక పని వల్ల కూలీలకు బతుకు దొరుకుతుందనే వాదన ఒకటుంది. పారలతో తట్టలతో మనుషులు ట్రాక్టరు నింపిన కాలంలో ఆ మాటలో కొంత నిజముంది. వరి కోత మిషన్లొచ్చి కోతపని పోయినచోట ఇసుక ముఠా పని కొన్ని ఇళ్లను నిలబెట్టింది. ఇప్పుడు ముఠా అంతా కలిసి రోజల్లా నింపేదాన్ని పొక్లెయిన్ గంటలో నింపి పారేస్తోంది. చిన్న రీచుల్లో మనుషుల చేతనే తవ్వించాలన్న షరతు అనుమతి కాగితం మీద ఉంటుంది. పొద్దుగూకితే మిషను దిగుతుంది. పశువుల కొట్టం కట్టుకోను ఎడ్లబండి మీద నాలుగు బుట్టలు తెచ్చుకున్నవాడిని పట్టుకుని బండి ఆపుతారు. వాడి పక్కనుంచే టిప్పరు దుమ్ము లేపుకుంటూ పోతుంది.

పద్ధతులు మారాయి, లెక్క మారలేదు

గత పదేళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక విధానం ఎన్నిసార్లు మారిందో చూడండి. 2014లో డ్వాక్రా సంఘాలకన్నారు. 2016లో ఉచితమన్నారు. 2019లో ప్రభుత్వం మారింది. ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా అమ్ముతామన్నారు. 2021లో రాష్ట్రం మొత్తాన్ని ఒక ప్రైవేటు కంపెనీ చేతికిచ్చారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. జులైలో మళ్లీ ఉచితమన్నారు. అక్టోబరులో ఇసుక మీద సీనరేజి కూడా తీసేశారు. ఇన్ని పద్ధతుల్లోనూ ఇసుక ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్నదే చర్చ. తవ్విన ఊరికి లెక్క చెప్పాలన్న నిబంధన ఏ ఒక్క పద్ధతిలోనూ గట్టిగా లేదు. ఊళ్లో రెండు పార్టీలు, రీచు దగ్గర ఒకటే పార్టీ.

సీనరేజి సంగతి రైతు మిత్రులు జాగ్రత్తగా గమనించాలి. చిన్న ఖనిజాల మీద వచ్చే సీనరేజిలో పంచాయతీకీ మండలానికీ జిల్లా పరిషత్తుకూ వాటా ఉండడం పాత పద్ధతి. ఇసుక మీద అది తీసేస్తే కొనేవాడికి కొంత భారం తగ్గుతుంది, నిజమే. కాని రోడ్డు గోతులు పూడ్చే డబ్బు పంచాయతీకి ఎక్కడినుంచి వస్తుంది? ఏరు ఊరిది, గోతులు ఊరివి, నిధి మాత్రం లేదు.

పంచాయతీ చేతులు ఎవరు కట్టారు

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. రోడ్లు, వంతెనలు అందులో ఉన్నాయి. తాగునీరు, చిన్న నీటి వనరులు ఉన్నాయి. ముప్పై ఏళ్లు దాటింది. అంశాలు షెడ్యూల్లో ఉన్నాయి, అధికారం సెక్రటేరియట్‌లో ఉంది.

ఐదేళ్లకోసారి ఎన్నికలు జరగాలన్నది కూడా రాజ్యాంగమే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు ముగిస్తే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు లేవు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ప్రత్యేకాధికారుల పాలనే. ఊరు ఎన్నుకోని అధికారి ఊరికెందుకు జవాబు చెబుతాడు? ఎన్నికలయ్యాక అయినా ఒరిగిందేమిటి? 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీల ఖాతాల్లో ఉన్న ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల పేర లాగేసుకున్నారు. సర్పంచులు పార్టీలతో పని లేకుండా రోడ్డెక్కారు. వీధి దీపానికి బల్బు కొనలేని పంచాయతీ టిప్పరును ఆపగలదా?

షెడ్యూల్డు ప్రాంతాలకు 1996లో పెసా చట్టం వచ్చింది. అక్కడ చిన్న ఖనిజాలకు లీజు ఇవ్వాలంటే గ్రామసభ గాని పంచాయతీ గాని ముందు సిఫారసు చెయ్యాలి. గిరిజనుల పేర బినామీలు దూరి ఆ హక్కునూ కాజేస్తున్నారు. దాన్ని కాపాడుకునే పోరాటం సాగాలి. అయితే మైదానపు ఊళ్లకు ఆపాటి కాగితపు హక్కు కూడా లేదే! అడవిలో ఊరిని అడగాలని ఒప్పుకున్న ప్రభుత్వం ఏటి ఒడ్డు ఊరిని ఎందుకు అడగదు?

మస్టరు చదివినట్టు ఇసుక లెక్క చదవాలి

ఇది కుదరదని అధికారులు అంటారు. కుదురుతుందని మన కూలీలే చూపించారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో సామాజిక తనిఖీ ఉంది. 2006 నుంచి ఈ గడ్డ మీదనే దాన్ని పెద్ద ఎత్తున నడిపారు. ఊరి మధ్యన మస్టరు బిగ్గరగా చదివారు. "నేను పోని పనికి నా పేరెట్లా పడింది?" అని నిరక్షరాస్యురాలైన కూలి లేచి అడిగింది. దొంగ మస్టర్లు బయటపడ్డాయి, తిన్న డబ్బు కొంత కక్కించారు. ఆ చట్టాన్నే కేంద్రం 2025 డిసెంబరులో తీసేసి వేరే చట్టం తెచ్చింది. దాని మీద పోరు వేరే ఉంది. కాని ఊళ్లో లెక్క చదివి వినిపిస్తే ఏమవుతుందో ఆ అనుభవం మనకు నేర్పింది. దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేరు.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టామని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. అన్ని ఊళ్లలో ఒక్కరోజే పెట్టగలిగినవాళ్లు రీచు ఉన్న ఊళ్లలో మూడు నెలలకోసారి పెట్టలేరా? ఆ సభలో మైనింగు అధికారి, రవాణా అధికారి, రోడ్డు ఇంజనీరు, భూగర్భ జలాల శాఖ మనిషి ఒకే బల్ల దగ్గర కూచోవాలి. ఒకరి మీదికి ఒకరు నెట్టుకునే వీలుండకూడదు. ఎన్ని వే బిల్లులు ఇచ్చారు, ఎన్ని టన్నులు పోయింది, ఎన్ని లారీలకు జరిమానా వేశారు, బావుల్లో నీటిమట్టం ఎంత దిగింది, రోడ్డుకు ఎంత ఖర్చు పెట్టారు – తెలుగులో, జనానికి అర్థమయ్యేటట్టు చదవాలి. ర్యాంపు దగ్గర కాటా పెట్టాలి. ఆ కాటా పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉండాలి. రోడ్డు బాగుచేసే ఖర్చు తవ్విన కాంట్రాక్టరు నుంచి రాబట్టి పంచాయతీ ఖాతాలో వెయ్యాలి. మిషన్లు వద్దన్న రీచుల్లో పని స్థానిక కూలీలకే ఇవ్వాలి. గ్రామసభ వద్దంటే తవ్వకం ఆగాలి.

అడగటానికి ప్రభుత్వం దయ చూపేదాకా ఆగనక్కర్లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల అర్జీతో ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పర్యావరణ అనుమతి నకలు అడగండి. వే బిల్లుల లెక్క అడగండి. సడక్ యోజన రోడ్డయితే మొదటి ఐదేళ్ల మరమ్మతు వేసిన కాంట్రాక్టరుదే. ఆ గడువు తేదీ అడగండి. లారీ నంబర్లు, అవి పోయిన వేళలు నోటుబుక్కులో రాసిపెట్టండి. ఒక్కడు అడిగితే బెదిరిస్తారు. ఊరు అడిగితే కాగితం తీస్తారు. అందుకే పేద రైతు, కౌలు రైతు, కూలి ఒక్కచోట కూచుని అర్జీ రాయాలి, అందరూ వేలిముద్రలూ సంతకాలూ పెట్టాలి.

ఏరు ఎండితే కూలి వలసపోతాడు, రైతు అప్పులపాలవుతాడు. ఆ తర్వాత ఏ ప్రభుత్వం వచ్చి ఏ విధానం ప్రకటించినా ఏరు తిరిగి రాదు. లెక్క అడగవలసింది ఇసుక ఉండగానే.