పుట్టిన ప్రతి బిడ్డా లెక్కలోకి రావాలి

పుట్టుకతో వచ్చే లోపాల్ని లెక్కపెట్టి ఏం లాభం తాతయ్యా, వైద్యం చేస్తే చాలదా అన్నావు. నర్సింగు చదువుతున్నదానివి, నీకిది తెలియాలి తల్లీ.

1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో విడుకింట్ లెంజ్ అనే పిల్లల డాక్టరుండేవాడు. చేతులు ఎదగక, భుజం దగ్గరే వేళ్లు మొలిచిన పసికందులు ఒకరి వెనక ఒకరు ఆయన కంటబడ్డారు. ఇలాంటివాళ్లు ఎప్పుడూ పుడుతున్నారా, ఇప్పుడేనా? పాత లెక్కలు చూస్తే, 1930 నుంచి 1955 దాకా ఆ ఊళ్లో రెండు లక్షలకు పైగా కాన్పుల్లో అలాంటి బిడ్డ ఒక్కరే! తల్లుల్ని కలిసి, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నారు, ఏ మాత్రలు మింగారు అని ఓపిగ్గా అడిగాడు. వేవిళ్లకూ నిద్రకూ వాడిన థాలిడోమైడ్ బయటపడింది. ఆ నవంబరులోనే అక్కడ దాని అమ్మకం ఆపేశారు. అప్పటికే ప్రపంచంలో వేలమంది పిల్లలు బలైపోయారు.

బావిలో నీళ్లు మామూలుగా ఏ మెట్టుదాకా ఉంటాయో తెలిస్తేనే కదమ్మా, ఈ ఏడు దిగాయని గుర్తుపడతాం! థాలిడోమైడ్ దెబ్బతో దేశదేశాల్లో పుట్టుక లోపాల రిజిస్టర్లు మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లో లియోన్ ప్రాంతపు రిజిస్టరే 1982లో మూర్ఛకిచ్చే వాల్‌ప్రోయేట్‌కూ, బిడ్డ వెన్ను మూసుకోకపోవడానికీ ఉన్న లంకెను పట్టిచ్చింది.

అయితే అంకె పెరగ్గానే హడలిపోకూడదు. కొత్త ఎకో మిషన్ వస్తే ఇదివరకు దొరకని గుండె రంధ్రాలూ దొరుకుతాయి. చనిపోయి పుట్టినవాళ్లనీ, లోపం తెలిసి తీయించుకున్న గర్భాల్నీ వదిలేస్తే అంకె ఉత్తినే తగ్గుతుంది.

ముందుచూపూ ఈ లెక్కలోంచే వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఇరవై ఏళ్ల తల్లికి సుమారు 1,500 కాన్పుల్లో ఒకటి, నలభై ఏళ్లకు వందలో ఒకటి. ఏ వయసువాళ్లు ఎంతమంది కంటున్నారో తెలిస్తే, రాబోయే ఏళ్లలో ఎందరు పిల్లలకు ఆసరా కావాలో ముందే అంచనా కట్టొచ్చు. ఆ పిల్లల్లో సుమారు సగంమందికి గుండె జబ్బుంటుంది. ఆపరేషన్లకు డాక్టర్లు సిద్ధంగా ఉండొద్దూ?

మన దేశంలోనూ 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డల్లో లోపాలున్నాయేమో చూడాలని పెట్టారు. పెదవి చీలిక అందరికీ కనిపిస్తుంది, అంగిలి చీలికే తప్పించుకుపోతుంది. రేపు లేబర్ రూము డ్యూటీలో బిడ్డ నోరు తెరిచి లైటు వేసి చూడు, బోర్లా తిప్పి వెన్ను చూడు. చూసింది అప్పటికప్పుడే రాసెయ్యి.